నలభై మూడో నంబరు

డాక్టరేట్లు ఉలాన్‌బాతర్‌లో ఇస్తారంటారు గానీ
తయారయ్యేది ఈ బండిలోనే.
పందొమ్మిదేళ్లుగా ఈ రష్యా వ్యాను తోలుతున్నాను.
వెనక సీటు పీకేసి ఐసు పెట్టెకి చోటిచ్చాం.
ముందు సీట్లో ఎప్పుడూ ఎవరో ఒక విద్యార్థి,
ఒళ్లో ల్యాప్‌టాప్, నోట్లో వాంతి బిళ్ల.
పదకొండు మందిని దింపాను.
అనుజిన్ పన్నెండోది.

మొదటి ఏడాది నాతో పెద్దగా మాట్లాడలేదు.
రక్తం తియ్యడం, సంతకం తీసుకోవడం,
చలికి పెన్ను గడ్డకడితే చంకలో పెట్టుకోవడం నేర్చింది.
ఆ ఆఖరిది నేను చెప్పిందే.

రెండో ఏడాది వసంతంలో
ప్రొఫెసర్ బదామ్‌ఖంద్ గది బయట
పెట్రోలు బిల్లు పట్టుకుని నిలబడున్నాను.
"నలభై మూడో నంబరు తప్పిపోయాడు మేడమ్,
మూడుసార్లు రాలేదు, ఫోను పలకదు.
పట్టికలో అలాగే రాసేశాను."
ముసలావిడ కళ్లజోడు తీసి
తుడిచిందే తుడిచింది.
"తప్పిపోయింది అతనా, మనమా?
పోయి కనుక్కునిరా."
నా బిల్లు మీద లెక్క చూడకుండా సంతకం పెట్టింది.

తామిర్ ఏటి మీద మంచు పగులుతోంది.
పాత చోట గుడారం లేదు,
గుండ్రంగా గడ్డి చచ్చిన జాగా ఒకటి ఉంది.
దాని నడుమ నిలబడి
"ఇక్కడే ఉండాలే" అంటూ ఫోనులో చుక్కను చూస్తోంది పిల్ల.
నేను పేడ విరిచి చూశాను.
ఎండి చాలా రోజులైంది.

మూడో రోజు పొద్దున దొరికాడు, కొండ వెనక, గాలి తగలని వైపు.
దిగకముందే అరవమన్నాను,
"కుక్కను పట్టుకోండి!" అని.
మా పలకరింపు అదే.
ఏ ప్రోటోకాల్లోనూ రాసుండదు.

"ఎక్కడికీ పోలేదమ్మా, గడ్డి వెంట వచ్చాం"
అన్నాడు గల్సాన్, ఉప్పు టీ పోస్తూ.
బిళ్లలు రోజూ వేసుకున్నావా అంటే
"సగం" అన్నాడు.
మిగతా సగం?
గడ్డంతో బయటికి చూపించాడు.
తమ్ముడు మేక నూలు దువ్వుతున్నాడు.
"వాడి కాలేయమూ ఇలాంటిదే. మీ జాబితాలో చోటు లేదన్నారుగా.
పొద్దున్నే కత్తితో చెరిసగం చేసుకుంటున్నాం."
చెక్క పలక తెచ్చి చూపించాడు.
ఒకే చోట పడ్డ గాట్లు, లోతుగా.

అనుజిన్ గిన్నె కింద పెట్టింది.
ఆ డబ్బాలో ఉన్నది మందో,
మందు రూపంలో ఉన్న పిండో ఆమెకీ తెలీదు.
ఆ సంగతి ఎక్కడో ఒక సీలు కవరులో ఉంది,
ఇంకో రెండేళ్లు తెరవకూడదు.
అన్నదమ్ములు ఇన్నాళ్లూ కొలిచి కొలిచి పంచుకున్నది
పిండే కావచ్చు.

"చెప్పావు కదమ్మా సంతకం రోజునే,
ఉత్తుత్తి బిళ్ల కూడా అయ్యుండొచ్చని.
ఉత్తుత్తిదైతే ఎవరికీ నష్టం లేదు,
మందైతే వాడికెందుకు ఉండకూడదు?"

ఆమె దగ్గర జవాబుంది, పుస్తకాల్లోది.
సగం మోతాదు జబ్బుకి పాఠం చెప్పినట్టు అవుతుందని
కవరు వెనక రెండు కాలేయాలు గీసి చూపించింది.
వాళ్లు తల ఊపారు. ఒప్పుకున్నారో, మర్యాదకో.
తమ్ముడికి జిల్లా ఆసుపత్రి పేర చీటీ రాసి,
పేరు అడిగి,
రెండుసార్లు అడిగి రాసింది.

తిరుగు దారిలో చాలాసేపటికి అంది,
"పట్టికలో దీనికి గడి లేదు దాష్‌జెవెగ్ బాబాయ్."
నా లాగ్‌బుక్కు చూపించాను.
గడి లేనివన్నీ అంచున రాస్తాను నేను.
టైరు పేలింది. దారిలో ఒంటె ఈనింది.
వంతెన లేదు.

థీసిస్ పరీక్ష రోజు బూట్లు తుడుచుకుని వెనక బెంచీలో కూర్చున్నాను.
పరీక్షకుడు అడిగాడు,
తప్పిపోయినవాళ్లు ముందు ఏడుగురన్నారు, ఇప్పుడు ఆరెందుకని.
అనుజిన్ నీళ్లు తాగింది.
"ఒకరు తప్పిపోలేదండీ" అంది. 
తర్వాత కత్తి గురించి అరగంట మాట్లాడింది.

కవరు తెరిచారట. ఏదని నేనడగలేదు.

పదమూడోవాడు నిన్న వచ్చాడు.
ఒళ్లో ల్యాప్‌టాప్, నోట్లో బిళ్ల.
గేరు వేస్తూ అడిగాను,
"కుక్క సంగతి ఎవరైనా చెప్పారా నీకు?"