మూడో గడిల తప్పు

మా జంపఖానను మేమే కొన్నం.
నాలుగు వందల తొంభైతొమ్మిది,
డెలివరీ ఉచితమట.

కొంరెల్లి నేసిన దాన్ని సంఘం నాలుగు వేలకు తీసుకుంటది,
ఆ పైసలు చేతికొచ్చేది వచ్చే దసరాకు.
గందుకే ఫోన్ల బొమ్మ చూడంగనే
కండె చుట్టే నా చెయ్యి ఆగింది.
ఎర్రగడి, నల్లగడి, మల్ల ఎర్రగడి.
మూడో గడి కాడ కొంరెల్లికి ఆనాడు జరం,
ఒక్క పేక పోగు దాటేసిండు.
గా తప్పు గట్లనే ఉన్నది.
అంచు కింద నా కాలివేలు గూడ,
మెట్టె తోని సహా.

పోయిన ఎండకాలం హన్మకొండ మేళాకని
ఫొటో తీసి పెట్టింది నేనే.

అమ్మేటోని పేరు చదివితె నవ్వొచ్చింది,
'ఓరుగల్లు తాతల నేత'.
ఏ తాతలు, ఎవరి నేత?
పేరు కింద నాలుగున్నర చుక్కలు.

ఆరో రోజు ఓదెలు బండేసుకొని వచ్చిండు.
అట్టపెట్టె గూడ కాదు, పాలిథిన్ సంచి.
కత్తెర పెట్టంగనే కిరసనాయిల్ వాసన.
విప్పి పరిస్తే
పోగు లేదు, ముడి లేదు,
తిప్పి చూస్తే తెల్లగ, ఖాళీగ,
సున్నమేసిన బడిగోడ లెక్క.
జంపఖానకు రెండు దిక్కులా మొకమే ఉంటది,
దీనికి వీపు గూడ లేదు.

కానీ మూడో గడిల తప్పు ఉన్నది.
అచ్చుగుద్దిండ్రు.
మూలకు నా కాలివేలు గూడ,
మెట్టె కాడ ఒక తెల్ల చుక్క.

వాపసు అని నొక్కిన.
"వస్తువు బొమ్మలో ఉన్నట్టే ఉన్నది" అని జవాబు.
నిజమే, బొమ్మనే పంపిండు.
మాట్లాడుదామంటే మనిషి లేడు,
ఒకటి నొక్కు, రెండు నొక్కు, మల్ల మొదటికి.
గన్ని సుట్లు మల్లన్న గుడి చుట్టు తిరిగితె
పుణ్యమన్న దక్కేది.

ఓదెలే విప్పి జెప్పిండు.
వాని కాడ సరుకే ఉండది పెద్దమ్మా,
నీ పైసలు పడ్డంక ఇంకోనికి జెప్తడు,
వాడు ఇంకోనికి.
ఎవ్వడూ చేతితోని ముట్టడు.
నాడె గూడ అటిటు ఉరుకుతది,
నాడె వెంట పోగన్న ఉంటది గదరా అన్న.

బిల్లు మీద అడ్రసు కొత్తవాడనే,
మా గల్లీకి వెనక గల్లీ.
కొంగు దోపుకొని పోయిన.
చూస్తే సారంగపాణి చికెన్ సెంటర్.
"నీతోని ఐదుగురు" అన్నడు, కత్తి ఆపకుంటనే.
"జమ్మికుంట నుంచి వచ్చినాయిన నన్ను కొట్టవోయిండు.
నా ఇంటి నంబరు వానికెట్ల దొరికిందో!"
కోళ్ల జాలీ మీద ఎండకు నాలుగు పరిచి ఉన్నయి.
నాలుగు తప్పులు,
నాలుగు కాలివేళ్లు.

గప్పుడే ఆటో దిగింది ఒక టీచరమ్మ, పరకాల నుంచి.
చంకల గసొంటి సంచే.
"కొత్తవాడోల్లు గూడ గిట్ల దిగజారిండ్రా" అన్నది
ఎవరితోనో, ఎవరితోనీ కాదు.

గా మాట
పంజ దెబ్బ లెక్క తగిలింది.

చెయ్యి పట్టుకొని ఇంటికి తోల్కపోయిన.
గుంటల కాళ్లు పెట్టి కొంరెల్లి నేస్తుండు.
ఆమె మడతల నుంచి ఒకటి తీసింది,
అంచు పట్టుకొని వెనక్కి తిప్పి చూసింది,
మల్ల ముందుకు, మల్ల వెనక్కి.
ఏమనలె. చాయ్ తాగింది.
కొనలె గూడ, నెలాఖరట.
చెప్పులు తొడుక్కుంట మాత్రం
"అట్ల అనకుండ ఉండాల్సింది" అన్నది.

నాలుగు ఫిర్యాదులు పెట్టిన,
టైపు చేసింది ఓదెలే.
ఆ పేరు మాయమైంది.
తెల్లారి ఇంకో పేరు మీద అదే బొమ్మ,
ఈసారి నాలుగు వందల నలభైతొమ్మిది.

కొంరెల్లి దీపం దగ్గరికి జరిపి
ఆ అచ్చు తప్పు మీద వేలుపెట్టి చానసేపు చూసిండు.
"నా జరాన్ని గూడ అమ్ముకుంటున్రే" అన్నడు.

దాన్ని మగ్గం గుంటల పరిచిన, తేమ ఆపుతదేమోనని.
రెండు రోజులు తొక్కిండు.
మూడోనాడు, కాళ్లు జారుతున్నయని
తీసి అవతల పడేసిండు.