ఆరు యూరోల సీల్

ఉర్హో రంపాన్ని గోనెసంచీలో తెచ్చాడు.
బల్లమీద దింపి, దానికేసి చూడకుండానే అన్నాడు:
"దీన్ని మా తమ్ముడు చంపాడు, తువోవీ.
నూనె కలపని పెట్రోలు పోశాడు.
పదకొండేళ్లయింది."

పదకొండేళ్లయింది రంపం ఆగిపోయా,
మాటలు ఆగిపోయా? నేనడగలేదు.
కుహ్మోలో తెలియందెవరికి?
ఒకే సరస్సుకి అటు ఇల్పో, ఇటు ఉర్హో.
చలికాలం నీళ్లు గడ్డకట్టి రోడ్డయినా
ఒకడి అడుగు రెండోవాడి వైపు పడదు.

బయట మైనస్ ఇరవై రెండు.
షెడ్డులో బర్చి కట్టెల పొయ్యి,
వేళ్లు తెగిన ఉన్ని తొడుగులు,
కాఫీ మరకల మధ్య నా స్పానర్లు.
విప్పిన మరల్ని విప్పిన వరసలోనే పేర్చాను,
లేకపోతే బిగించాక ఒకటి మిగిలి
రాత్రంతా నన్ను చూసి నవ్వుతుంది.

పిస్టన్ ఒక పట్టాన రాలేదు.
చెక్కసుత్తితో బతిమాలాను, తిట్టాను,
మళ్లీ బతిమాలాను.
వచ్చింది. ఒక చెంప మీద గోళ్లతో రక్కినట్టు చారలు.
పొగ బయటికి పోయేవైపు మాత్రమే.
రెండో చెంప నున్నగా ఉంది.

అక్కడ ఆగాను.
నూనె లేక చచ్చిన ఇంజను
చుట్టూరా కాలుతుంది, ఒకవైపు చూసి కాలదు.
కింద బేరింగులో వేలు పెట్టి చూశాను:
జిడ్డు.
ఇన్నేళ్ల తర్వాత కూడా, పలచగా, పచ్చగా, జిడ్డు.

కంతలన్నీ రబ్బరుముక్కలతో మూసి గాలి కొట్టాను.
సబ్బునీళ్లు పూశాను.
క్రాంకు చివర, ఫ్లైవీల్ కింద, ఎవరూ చూడని చోట
ఒక బుడగ లేచింది.
పగిలింది. ఇంకోటి లేచింది.
ఎండి అట్టకట్టిన సీల్ అది, నా చిటికెన గోరంత వెడల్పు.
దొంగగాలి పీల్చి పీల్చి ఇంజను ఒళ్లు కాల్చుకుంది.
ఇల్పో చేతిలో ఉండగా కాల్చుకుంది, అంతే.

ఆ రాత్రి పని ఆపలేదు.
సిలిండరుకంటిన లోహాన్ని ఆమ్లంతో కరిగించి
గరుకుకాగితంతో గీతలు గీతలుగా రుద్దాను.
ఉర్హో అడిగింది బాగుచెయ్యమని మాత్రమే.
కాని చెయ్యి ఊరుకుంటుందా?
పొగదారిని ఇరువైపులా మిల్లీమీటరు వెడల్పు చేశాను,
అంచు మొద్దుచేశాను, రింగు తట్టుకోకుండా.
అడుగు గాస్కెట్ తీసేసి
సీసపు తీగముక్క పైన నలిగేలా తిప్పి
దాని మందం కొలిచాను: వెంట్రుకవాసి ఎడం చాలు.
సైలెన్సరుకి ఇంకో నోరు తెరిచాను.
కొత్త సీల్ కొట్టేటప్పుడు మాత్రం
ఊపిరి బిగబట్టాను, ఎందుకో.

నాలుగో లాగుకి దగ్గింది.
ఆరోదానికి అరిచింది.
పైకప్పు మీంచి మంచు ఒక పెళ్ల జారిపడింది,
మా కుక్క ఆవిరిగది మెట్ల కింద దూరింది.
కార్బురేటర్ మర తిప్పుతూ చెవి ఒగ్గాను.
బరువు లేనప్పుడు కాస్త తడబడాలి గొంతు,
మొద్దులో దిగాక తేటపడాలి.
తడబాటే లేని గొంతుని నమ్మకూడదు,
తొందరగా కాలిపోతుంది.

బుధవారం ఉర్హో వచ్చాడు.
బిల్లు చదివాడు. పిస్టన్, రింగులు, పని.
చివరి వరసలో:
పాత సీల్ ఎండి గాలి లాగింది. నూనె ఉంది.
కొత్త సీల్, ఆరు యూరోలు.

టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.
పొయ్యిలో కట్టె ఒకటి కుంగింది.
"చలికి స్టార్టవుతుందా?" అన్నాడు.
"అవుతుంది," అన్నాను.
"చోక్ రెండు లాగులే."
తలుపుదాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండా,
"దీనికి ఇంకో కాపీ ఉంటుందా?"

నా కార్బను కాగితం పాతది.
రెండో కాపీలో చివరి వరస సరిగ్గా పడలేదు.
పెన్ను తీసుకుని
నూనె ఉంది అన్నచోట
మళ్లీ దిద్దాను, గట్టిగా నొక్కి.