తట్టిన చెయ్యి

ఔలు ఊళ్లో మార్చి అంటే ఇంకా మంచే.
రేవు పక్కన, ఒకప్పుడు తారు పీపాలు దాచిన గోదాములో
నీలం చాపలు పరిచారు.
హీటరు ఒక్కటే, అదీ దగ్గుతోంది.
బహుమతి ఏమిటని అడిగితే
రైలీ గిన్నె మూత తీసి చూపించాడు,
పాలు పోసి కాచిన సాల్మన్ చేప చారు.
గెలిచినవాళ్లకి ఒక గరిటె,
ఓడినవాళ్లకి రెండు.

నాకు యాభై మూడు.
ముప్పై ఏళ్లుగా కరాటే నేర్పుతున్నాను.
నా నల్ల బెల్టు అంచులు అరిగి తెల్లబడ్డాయి,
అది గౌరవమంటారు మావాళ్లు.
ఇక్కడ బెల్టు కట్టుకునే చోటే లేదు.
నిక్కరు, బిగుతు బనీను,
నాకంటే ముందు నిలబడ్డ నా పొట్ట.

ముప్పై ఏళ్లు గాలిని గుద్దాను.
గాలి ఒక్కసారీ "చాలు" అనలేదు.
నా దగ్గర నేర్చుకునే పిల్లలు
దెబ్బ తగలకముందే పడిపోయేవాళ్లు,
పాపం, మర్యాదస్తులు.
కొన్ని రాత్రులు పక్కమీద లేచి కూర్చునేవాణ్ణి:
నాకు వచ్చనుకున్నది
నిజంగా వచ్చా?

మొదటి జోడీ సైమి.
రొట్టెల దుకాణంలో పని.
తెల్లారి మూడింటికి లేచి రై పిండి పిసికి
చేతులు కడుక్కుని వచ్చింది.
నా బరువులో సగానికి కాస్త ఎక్కువ, అంతే.
అరచెయ్యి అరచేతికి, పిడికిలి పిడికిలికి ఆనించాం.

తర్వాత జరిగింది వరసగా చెప్పలేను.
పైకప్పు ఉండాల్సిన చోట చాప ఉంది.
నా వీపు మీద ఎవరో ఉన్నారు,
ఎవరూ లేనంత తేలిగ్గా.
మెడ చుట్టూ ఒక చెయ్యి వచ్చి చేరింది,
పిండి ముద్దని దగ్గరికి తీసినంత నిదానంగా.

ఓస్కు గోడవార కూర్చుని చూస్తున్నాడు, తట్టకు,
అంది నాలోని పంతం.
చెవుల్లో రక్తం పడవ కూతలా మోగింది.
తట్టాను.
రెండుసార్లు, ఆమె మోచేతి మీద,
పొరుగింటి తలుపు తట్టినట్టు.

తెరుచుకుంది.
రెండో తట్టు పూర్తికాకముందే.
అప్పుడు తెలిసింది
నా గొంతు బిగిస్తున్నంతసేపూ
నా చేతి చప్పుడు కోసమే
ఆమె చెవి ఒగ్గి ఉందని.
ఉడుంపట్టు నేర్చిన చేతికి
విడుపు అంతకన్నా బాగా తెలుసునని.

"గడ్డం దించి ఉంచాలి మీరు. ఇదిగో, ఇలా."
మిగిలిన సమయమంతా
నన్ను ఓడించిన దారినే వెనక్కి నడిపించి
ఎక్కడ దారి తప్పానో చూపించింది.
శత్రువు చేస్తాడా ఈ పని?
ఊరికే పొగిడే స్నేహితుడు మాత్రం చేస్తాడా?

అవతలి చాప మీద
ఇనారి నుంచి వచ్చిన పియెరా,
రెయిన్‌డీర్ కొమ్ములు పట్టి వంచే మనిషి,
జూడో ఆడే ఉర్హో చెయ్యి నిటారుగా చాపి పట్టాడు.
ఉర్హో తట్టలేదు.
పళ్లు బిగించాడు, మొహం బీట్‌రూట్ అయింది.
పియెరాయే విడిచేసి లేచి కూర్చున్నాడు.
"నీ మోచెయ్యి నాకెందుకు? రేపు నీకే పని ఉంటుంది."
ఆ గెలుపు ఎవరి ఖాతాలో రాయాలని రైలీ అడిగాడు.
ఇద్దరూ చారు గిన్నె వైపు చూశారు.

నేను నాలుగు ఆటలు ఆడాను.
మూడు ఓడాను.
నాలుగోది ఎటూ తేలలేదు;
సైమితోనే, మళ్లీ.
గడ్డం దించి ఉంచాను.
ఆరు గరిటెల చారు తాగి
బతికి ఎన్నాళ్లయిందో అనుకున్నాను.

తిరుగు బస్సులో ఓస్కు చాలాసేపు మాట్లాడలేదు.
కిటికీ మీది మంచుని గోటితో గీకుతూ
చివరికి అడిగాడు,
"ఎలా ఉంటుంది, అప్పుడు?"

మణికట్టు చాపాను.
"పట్టుకో."
ఎప్పటిలాగే మెత్తగా పట్టుకున్నాడు.
"అలా కాదు. నిజంగా."

ఏడేళ్లలో మొదటిసారి
నిజంగా పట్టుకున్నాడు.
గుంజాను, తిప్పాను, వంగాను,
ముందు సీటు ముసలావిడ వెనక్కి తిరిగి చూసింది.
విడిపించుకోలేకపోయాను.

మేం దిగాల్సిన స్టాపు
అప్పటికే దాటిపోయింది.