వంతు

పి.గన్నవరం శాఖా గ్రంథాలయంలో
కింది అరల మీద ఎనభయ్యారు వరద గీత
ఇంకా బెల్లం పాకం రంగులోనే ఉంది.
గీతకు దిగువన బతికింది ఒక్కటే:
కొబ్బరి తెగుళ్ళ గురించి ఇందుగపల్లి మాస్టారు
అరవై రెండులో సొంత డబ్బుతో అచ్చేయించుకున్న పుస్తకం.
ఐదొందల ప్రతులు, వెల రూపాయిన్నర.
"సర్వహక్కులు గ్రంథకర్తవి"
ఆ ఒక్క వాక్యాన్నే ఎందుకో చెదలు ముట్టుకోలేదు.

దింపు తీసే సువర్ణరాజు వచ్చాడు, నడుముకి కత్తితోనే.
"చెట్టు మొదట్లో ఎర్రటి జిగురు కారతందండి, ఆయ్.
నలభై ఏడో పేజీలో మందుందంట."
ఉంది. సగం.
"జిగురు కారు చోట ఉలితో చెక్కి, ఆపైన" వరకు.
మిగతా సగం గోదారి చదివేసింది.

అతని ఫోన్లో అదే పుస్తకం, చెక్కుచెదరకుండా.
ఎక్కడో ఏ దేశంలోనో స్కాన్ చేసి పెట్టారు.
అట్ట చూపిస్తుంది. లోపలికి రానివ్వదు.
రాశాను వాళ్ళకి. మర్యాదగానే జవాబిచ్చారు:
హక్కుదారు ఎవరో తెలియదు, తెలిసేదాకా తెరవలేం.
మాస్టారి వారసులకి కాకినాడ రాశాను.
ఉత్తరం తిరిగొచ్చింది, నా దస్తూరీతోనే.
ఆయన పోయాక అరవై ఏళ్ళు ఆగాలట, చట్టం ప్రకారం.
అరవై ఏళ్ళంటే
ఒక కొబ్బరి చెట్టు పుట్టి, కాసి, దూలమైపోయే కాలం.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
తాళాలు మొల్లో ఉన్నా నీళ్ళు తనవని ఎన్నడూ అనుకోలేదు.
శిస్తు కట్టొద్దని కూడా అనలేదు.
వంతు తప్పితే మాత్రం
అర్ధరాత్రి లాంతరు పట్టుకెళ్ళి
పలక ఎత్తేవాడు, అంగుళం, అంగుళం.
మాస్టారికి రూపాయిన్నర మేమూ ఇస్తాం.
చాచిన చెయ్యేది?

సువర్ణరాజే కనిపెట్టాడు:
వెతుకు గడిలో మాట కొడితే
ఆ మాటున్న ఒక్క ముక్క చూపిస్తుంది.
"ఆపైన" అని కొట్టాం. "ఆపైన వేడి" వరకు వచ్చింది.
"వేడి" అని కొట్టాం. "వేడి తారు పలుచగా".
"పలుచగా"...
కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ కొట్టాం.
ఏడింటికి మూయాల్సిన తలుపులు
ఎనిమిదిన్నరకి మూశాను.

పేజీ మొత్తం నోటుబుక్కులో అతనే రాసుకున్నాడు.
ఒత్తులు తప్పాయి, మందు తప్పలేదు.
రిజిస్టరులో నేను రాశాను:
నలభై ఏడో పేజీ, ఒకటి, ఇవ్వబడినది.
తిరిగి ఇవ్వవలసిన తేదీ దగ్గర
కలం కాసేపు ఆగింది.
"కాయ దిగాక" అని రాశాను.