సీటుకో మొహం

ముప్పయ్యొక్క ఏళ్ళు పసుపు బస్సు నడిపాను,
షెటికాంప్ రేవు నుంచి బడి గేటు దాకా.
నా వీపు వెనక జరిగిందంతా
జానెడు అద్దంలోంచే చూశాను.
బస్సుని తుక్కు కింద అమ్మేశారు.
అద్దం మటుకు ఊడదీసి తెచ్చుకున్నాను,
ఎవర్నీ అడక్కుండా.

ఈ చలికాలం సుయెత్ గాలి ఇంటికప్పుని పట్టి ఊపుతుంటే
వంటగది బల్ల మీద పీలికలు పరిచి
బొంత మొదలుపెట్టాను.
నలభై రెండు సీట్లు, నలభై రెండు చదరాలు.
అన్నేళ్ళలోంచీ ఒక్క ఫిబ్రవరి పిల్లల్నే ఏరుకున్నాను.
ఆ ఫిబ్రవరే ఎందుకంటే, చెప్తానేమో, చూద్దాం.

"అందరిలా పూలు కుట్టుకోవచ్చుగా" అంది మా చెల్లెలు లియోనీ.
పూలకి అలగడం రాదే, అన్నాను.

మూడో వరస కిటికీ పక్క క్లోవిస్.
రోజూ మొహం మాడ్చుకునే ఎక్కేవాడు.
వాడికోసం రంగులు వెతకలేదు.
ఇస్త్రీపెట్టె మరిచిపోతే కాలిన దిండుగలీబు ఉంది కదా,
సరిగ్గా మాడిన మేర కత్తిరించాను.
జిసెల్‌ది బుంగమూతి.
దూది చాలక ఆల్డ్రిక్ పాత మేజోడు కూడా కుక్కాల్సి వచ్చింది.
పళ్ళికిలించే రెమీకి జిప్పు.
లాగితే ఇకిలిస్తాడు.
మూసేస్తే బుద్ధిమంతుడు, అప్పుడే ఇంకా నమ్మకూడదు వాణ్ణి.
లెక్కలు చెయ్యకుండా వచ్చి తెల్లమొహం వేసే ఫాబియెన్‌కి
గుడ్డ ఎంచే పనే లేకపోయింది.
మెక్‌ఫీ కవలల్లో ఒకడు గిల్లుతాడు,
ఇంకొకడి మొహం కందగడ్డవుతుంది.
ఎర్ర ఫ్లానెల్ ఒక్క ముక్కే మిగిలింది,
గుండీలు పెట్టాను,
ఎవరి వంతైతే వాళ్ళకి తగిలించొచ్చు.

నాలుక బయటపెట్టిన పిల్లకి ఆల్డ్రిక్ పెళ్ళినాటి టై.
ఆయన వారం తర్వాత కనిపెట్టాడు.

ఏడుపుమొహం తేలికనుకుంటారు,
మూతి కిందకి వంచితే సరిపోతుందని.
ఏడవబోయి ఆపుకున్నవాళ్ళకి
గడ్డం మీద నారింజతొక్కలా సన్నటి గుంటలు పడతాయి.
ఆ గుంటలకి మూడు రాత్రులు పట్టింది.
ఎవరివో చెప్పను.
ఆ పిల్ల ఇప్పుడు మందుల షాపులో కూర్చుని
నవ్వుతూ నాకు చిల్లర ఇస్తుంది.

నలభై రెండూ అయ్యాక చూస్తే
అంచు దగ్గర ఒక చదరం ఖాళీ.
నన్ను లెక్కపెట్టుకోలేదు!
పిల్లలకి తెలిసిందల్లా నా తల వెనక్కే కదా,
బూడిదరంగు ఉన్ని చుట్టి ముడి వేశాను.
దానిపైన చిన్న సాటిన్ పట్టీ, అదే అద్దం,
అందులో నావి రెండు కళ్ళు.

అక్కడ ఆగింది సూది.

ఆ పొద్దున పాత మిల్లు మలుపులో
రోడ్డు మీద కంటికి ఆనని మంచుపొర.
బస్సు నా మాట వినడం మానేసి
పక్కకి, సముద్రం వైపు, నింపాదిగా జారింది.
వెనక ఒకటే గోల.
రెమీ ఎవరి టోపీయో కిటికీలోంచి విసరబోతున్నాడు.
అద్దంలో చూస్తారేమోనని
నేను మొహం కదపలేదు.

కంచెకి మూరెడు ఇవతల నిలిచింది.
"ఎందుకాపావు?" జిసెల్, మూతి అలాగే పెట్టుకుని.
కుందేలు అడ్డొచ్చిందన్నాను.

నాలుగుసార్లు కుట్టి విప్పాను ఆ కళ్ళని.
ఐదోసారి నల్లదారం అయిపోతే నీలంతో కానిచ్చేశాను.

కోపంగా ఉన్నావేం, అంది లియోనీ.
ఆల్డ్రిక్ నిద్రమత్తన్నాడు.
రెమీ వచ్చాడు నిన్న, బట్టతల,
చేతుల్నిండా పడవ వాసన.
తన జిప్పు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.
ఆ చివరి చదరం దగ్గర చాలాసేపు నిలబడి
"ఆ రోజు కుందేలు లేదు కదూ" అన్నాడు.

కత్తెర ఎక్కడో పడిందని
నేను బల్ల కిందకి వంగాను.