మూత చేతిలో ఉంటే

కుక్కర్ మూత సంచిలో పట్టలేదు.
చేత్తోనే పట్టుకుని
లాడ్జి సెంటర్లో షేరాటో ఎక్కాను.
నోరు విప్పక్కర్లేకపోయింది.
మూత చేతిలో ఉంటే
ఊరే అడుగుతుంది మనల్ని.

"విజిల్ రావట్లేదా అన్నయ్యా?"
ఎదురు సీట్లో, ఒళ్ళో గోంగూర కట్టలతో ఒకావిడ.
ఆవిరంతా పక్కల నుంచే పోతోందన్నాను.
అడుగు మాడిన సంగతి చెప్పలేదు.
"గాస్కెట్ తీసి ఫ్రిజ్జులో ఐసు అరలో పెట్టండి, పావుగంట.
బిగుసుకుంటది."
"ఎన్నాళ్ళు బిగుసుకుంటదమ్మా, రెండు పూటలు"
అని డ్రైవరు అద్దంలోంచి,
నన్ను కాదు, మూతని చూస్తూ.
కాలేజీ కుర్రాడు చెవిలోంచి తీగ పీకి
చీపురుపుల్లతో బెజ్జం పొడవమన్నాడు.
హాస్టల్లో దొంగచాటుగా వండుకుంటారట,
అంతకుమించి చెప్పలేదు.

శంకర్ విలాస్ దాటి వంతెన ఎక్కాక
మిరపకాయ టిక్కీల లారీ ఒకటి ముందు పడింది.
అందరం ఒక్కసారే తుమ్మాం.
తుమ్మాక
ఆటోలో ఎవరమూ ఎవరికీ కొత్త కాదు.

ఇంక ధైర్యం వచ్చి మిగతావీ అడిగేశాను.
కందిపప్పు నానబెట్టాలా, వేయించాలా.
పాలు పొంగుతుంటే మంట తగ్గించాలా, గిన్నె ఎత్తాలా.
మొదటి దోసె ఎప్పుడూ పెనాన్ని ఎందుకు వదలదు.
యాభై నాలుగేళ్ళ మనిషిని.
ఎవరూ నవ్వలేదు.
ఇంట్లో ఆడవాళ్ళు లేరా అని ఒక్కరూ అనలేదు.
అదే మా పిన్నినో, తోడల్లుణ్ణో అడిగి ఉంటే
జవాబు కంటే ముందు
ఎందుకట, ఏమైందట, ఎన్నాళ్ళట...
సాయంత్రానికి తెనాలి దాకా పాకేది.
పరాయివాళ్ళు ప్రశ్న మేరకే పుచ్చుకుంటారు,
చిల్లర లెక్క చూసి
సరిగ్గా అంతే తిరిగిస్తారు.

హిందూ కాలేజీ దగ్గర గోంగూరావిడ దిగింది.
దిగి, రెండడుగులు పోయి, మళ్ళీ వెనక్కొచ్చి
"తొందరపడి మూత తీయబాకండి,
ఆవిరి మొత్తం పోనిచ్చి తీయండి" అంది.
ఇంకేదైనా చెబుతుందేమోనని చూశాను.
ఆటో కదిలింది.

పట్నం బజారులో నాగూర్ భాయ్
మూతని వెలుగుకెత్తి
నెలవంకని వెతికినట్టు అంచంతా చూశాడు.
"ఈ గాస్కెట్టు దీనిది కాదు సార్.
రెండు కుక్కర్లున్నాయి కదా మీకు, కలిపేశారు.
దీనిది ఇంట్లోనే ఉంటది.
ఇంట్లో అడగండి."
డబ్బులు తీసుకోలేదు.

ఇంట్లో అడగండి.
గుంటూరంతా కలిపి నాకిచ్చిన సలహాల్లో
అదొక్కటే నాకు చేతకానిది.

హైమవతి కుడి మణికట్టుకి కట్టు వేసి పంతొమ్మిది రోజులు.
నేను చూసుకుంటాలే, అన్నాను మొదటి రోజే,
గట్టిగా, డాక్టరు కూడా వినేలా.
ఆ మాట మీదే కూచుని
ఇద్దరం పలుకు పప్పు నములుతున్నాం.
ఉడికిందా అని నేను అడగను.
ఉడకలేదని ఆమె అనదు.

ఇరవై ఏడేళ్ళలో ఆమెని నేను అడిగినవన్నీ
ఎక్కడ, అనే.
కళ్ళజోడు ఎక్కడ. తాళాలు ఎక్కడ. కరెంటు బిల్లు ఎక్కడ.
ఎలా, అని ఎప్పుడూ అడగలేదు.

తిరుగు ఆటోలో మూతని ఒళ్ళో బోర్లించుకున్నాను.
ఈసారి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇంట్లో ఆమె మంచమ్మీద,
కట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని
ఎడం చేత్తో పేపరు తిప్పడానికి తంటాలు పడుతోంది.
గుమ్మంలోనే నిలబడి
పొద్దుట్నుంచీ అలవాటైన గొంతుతో
"ఏమీ అనుకోకపోతే, ఒక మాట అడగొచ్చా అండీ?" అన్నాను.

ఆమె తలెత్తి
ముందు మూతని చూసింది.
చాలాసేపు చూసింది.
తర్వాత కాళ్ళు ముడుచుకుని
గోడవైపు కాస్త జరిగింది,
ఇంకో మనిషి పడతాడులే
అన్నట్టు.