కిటికీకి అవతల

డులూత్‌లో ఫిబ్రవరి.
సరస్సు గడ్డకట్టింది. ఇనుప ఖనిజం మోసే ఓడలు
రేవులో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాయి.
రిజిస్ట్రార్ ఆఫీసులో నా పక్క కుర్చీ
ఐలీ హక్కాలాది.
పంతొమ్మిదేళ్ళుగా ఊరి పిల్లల మార్కుల జాబితాలకి
ముద్ర కొట్టి కొట్టి
బొటనవేలి పక్కన ఒక కాయ కాసింది ఆమెకి.

యాభై మూడో ఏట
మాస్టర్స్ చదువుతానంటోంది.
కాలేజీలు ఎలా నడపాలో నేర్పే చదువు.
"నడుపుతూనే ఉన్నావుగా" అన్నాను.
"నడపట్లేదు. తలుపు దగ్గర నిలబడుతున్నాను" అంది.

భోజనాల బల్ల మీద మూడు కరపత్రాలు,
వాటి మీద రొట్టె పొడి.

మొదటిదాని గోడల నిండా తీగలు.
ఫీజు చూస్తే ఇల్లు ఇంకోసారి కొన్నట్టే.
రెండోది తెరమీది బడి.
ఉత్తరం రాసిన రెండు నిమిషాలకే
"మీ కలే మా కల" అని జవాబొచ్చింది.
అంత తొందరగా కలలు కనేవాళ్ళంటే భయం, అంది ఐలీ.
మూడోది వంతెన దాటి, విస్కాన్సిన్‌లో,
తొంభై మైళ్ళు,
గురువారం రాత్రుళ్ళు, మంచులో.
దాని కరపత్రంలో ఎవరో ప్రొఫెసరుకి
సగం తల ఎగిరిపోయింది.

ర్యాంకులు చూడమన్నాను.
చూసింది. ఆ కాగితం మడిచి
ఊగుతున్న బల్ల కాలికింద పెట్టింది.

తర్వాత ఫోను తీసింది.
డీన్లకి కాదు, అడ్మిషన్ల వాళ్ళకీ కాదు,
మూడు చోట్లా మాలాంటి కౌంటరుకే.
"ఒక కుర్రాడు. లైబ్రరీకి నలభై రెండు డాలర్లు బాకీ.
రేపటికల్లా మార్కుల జాబితా అందకపోతే
ఉద్యోగం చెయ్యి జారిపోతుంది.
మీరైతే ఏం చేస్తారు?"

ఆ కుర్రాణ్ణి నేనెరుగుదును.
వెండెల్ స్ట్రాండ్. అయిదేళ్ళ కిందట.
"నియమం" అన్నది ఐలీయే.
ఇప్పుడు మా వీధిలో మంచు తోసే బండి నడుపుతాడు,
కనిపిస్తే చెయ్యి ఊపుతాడు కూడా.
ఆమె తిరిగి ఊపలేదు, ఒక్కసారీ.

తీగల గోడ: "అన్నీ వెబ్‌సైటులో ఉంటాయండీ."
తెర: పాట. పాట. మళ్ళీ అదే పాట.
వంతెన అవతల ఒక ముసలి గొంతు,
ఏదో నములుతూ:
"రేపంటే పొద్దున్నా, సాయంత్రమా?
కుర్రాడి పేరేంటి?"

ఐలీ చాలాసేపటిదాకా
పేరు చెప్పలేకపోయింది.

దరఖాస్తులో 'ఈ చదువు మీకెందుకు' అని ఒక గడి,
అయిదువందల మాటలకి చోటు.
ఏం రాసిందో నాకు చూపించలేదు.

ఇక ఆమె పాత డిగ్రీ కాగితం కావాలి. అది మా దగ్గరే ఉంది.
తన కాగితానికి తనే ముద్ర వేసుకోకూడదు కదా,
కోటు తగిలించుకుని, చుట్టూ తిరిగి వెళ్ళి
వరసలో నిలబడింది. ముందు ఇద్దరు పిల్లలు.
వంతు వచ్చాక
అద్దంలోని కంత వైపు వంగింది.
వంగి, అలాగే ఆగిపోయింది.

"దీన్ని ఇంత కింద ఎవరు పెట్టారు?
ఇన్నేళ్ళూ
అందరూ వినయంగా ఉన్నారనుకున్నాను."

పన్నెండు డాలర్లు తీసుకుని
ముద్ర వేశాను.
కొంచెం వంకరగా పడింది.